మొక్కిన నాటి బరువు

జనవరి 3, శనివారం

మా బడిలో త్రివేణులు ఇద్దరం. ఆమె లెక్కలు చెబుతుంది, నేను తెలుగు. ఈ రోజు ఆరో తరగతి పిల్ల ఒకతి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "పెద్ద త్రివేణి టీచర్ ఉన్నదా?" అని అడిగింది. లెక్కల త్రివేణి నాకంటే ఆరేళ్ళు పెద్దది, జుట్టు కూడా నెరిసింది. అయినా ఆమే క్షణం ఆలోచించకుండా, "గా కిటికీ దగ్గర కూసున్నది సూడు" అని నన్ను చూపించింది. మిగతా వాళ్ళు టీ కప్పుల్లో ముఖాలు పెట్టుకున్నారు.

ఐదేళ్ళ కిందట హైదరాబాద్‌లో బరువు తగ్గాలని నా పొట్ట ముప్పావు భాగం కోసి తీసేశారు. నూట ఇరవై ఒక్క కిలోల నుంచి డెబ్బై తొమ్మిదికి దిగాను. అప్పుడు ఇదే స్టాఫ్ రూమ్ నా చుట్టూ మూగి, చీర ఎక్కడ కొన్నావు, ముఖానికి ఏం రాస్తున్నావు అని అడిగింది. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు. నేను డబ్బా మూత తీసినప్పుడు మాత్రం అందరి కళ్ళూ అందులోకే వస్తాయి.

రేపు నిజామాబాద్ పోవాలి, కొత్త డాక్టరమ్మ దగ్గరికి.

జనవరి 4, ఆదివారం

ఈ డాక్టరమ్మ ఉండేది హైదరాబాద్‌లో. నెలలో మొదటి ఆదివారం నిజామాబాద్ వచ్చి కూర్చుంటుంది. హాల్లో కుర్చీలన్నిటికీ చేతులున్నాయి. ఒకసారి అలాంటి కుర్చీలోంచి నేను లేస్తే అది కూడా నాతోపాటు లేచింది. అప్పటి నుంచి నిలబడటమే నయం. మా ఆయన కూర్చుని ఫోన్ చూసుకున్నాడు.

లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ నన్ను అడిగింది, బరువు మళ్ళీ ఎప్పటి నుంచి పెరుగుతోందని. జవాబు ఆయన చెప్పాడు.

"నోరు కట్టుకోలేదు మేడం. నేను చెప్పిన, మా అమ్మ చెప్పింది, బిడ్డ చెప్పింది. వినలే."

"ఆమెను చెప్పనివ్వండి."

ఐదేళ్ళలో ఇంత చక్కటి మాట నేను వినలేదు. "ఆకలైతది మేడం" అన్నాను. ఆయన నవ్వాడు. తన ఎరువుల దుకాణంలో బేరమాడే రైతును చూసి నవ్వే నవ్వది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఎలాంటి ఆకలి, ఎప్పుడు మొదలైంది అని అడిగింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు అసలు ఆకలే లేదని, ఆ తర్వాత ఒక రోజు పొద్దున లేచేసరికి వచ్చి కూర్చుందని, ఇక పోలేదని చెప్పాను. తిన్నాక కూడా ఉంటుందని చెప్పాను. ఆయన మళ్ళీ నవ్వబోయి ఆగాడు.

రెండో ఆపరేషన్ అంటే ఉన్న ఆ కొద్ది పొట్టను కూడా విడదీసి, పేగును పైకి తెచ్చి అతకడమట. మొదటి దానికంటే కష్టం. కుట్లు ఊడే భయం ఎక్కువ. బరువు మొదటిసారి దిగినంత దిగకపోవచ్చు. ముందు గొట్టం వేసి లోపల చూడాలి, స్కాన్ తీయాలి, ఆ తర్వాతే తారీఖు.

బోధన్ బస్సులో వస్తూ ఆయన, "లోపల సూస్తే తెలుస్తది గదా ఎవల తప్పో" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. లోపల ఏదో ఒకటి చెడిపోయి ఉండాలి. ఏమీ చెడిపోలేదంటే, చెడిపోయింది నేనే అవుతాను.

సన్నబడటం కాదు నాకు కావలసింది. ఆ తొమ్మిది నెలలు మళ్ళీ కావాలి. అప్పట్లో అన్నం గిన్నె పక్క నుంచి, పరాయి వాళ్ళ వాకిలి ముందు నుంచి పోయినట్టు పోయేదాన్ని. లోపల అంత నెమ్మదిగా ఉండేది. ఆ నెమ్మది కోసం కడుపు ఇంకోసారి కోసుకోమన్నా కోసుకుంటాను.

జనవరి 6

ఈ రోజు ఏమీ తినలేదు. పొద్దున ఉప్మా, బడిలో డబ్బా, రెండు టీలు. బస్టాండు దగ్గర చెరుకు రసం. అది తాగడమే కదా.

జనవరి 8, గురువారం

రెండో ఆపరేషన్ సంగతి ఆయన ఈ రోజు అత్తమ్మకు చెప్పాడు. చేటలో కందిపప్పు ఏరుతున్న అత్తమ్మ తల ఎత్తకుండానే, "నేను ముందే అన్న" అంది.

"ఏమన్నవమ్మా?"

"మొక్కు తీర్చలే గాబట్టే గిట్లయింది అని."

మొదటి ఆపరేషన్ రోజు అత్తమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సమ్మక్క తల్లికి మొక్కింది, కోడలు ప్రాణాలతో బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లం. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఎంత ఉంటే అంత బెల్లం తూచి మేడారం జాతరకు తీసుకుపోవాలి. జాతరేమో రెండేళ్ళకోసారి. మొదటి జాతరప్పటికి మామ పోయి ఏడాది నిండలేదు. రెండో జాతరకు అత్తమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. మొక్కు అలాగే ఉండిపోయింది.

"ఆపరేషన్ నాడు ఎంతుంటివే?" అని అత్తమ్మ నన్ను అడిగింది.

"నూట ఇరవై ఒకటి."

"ఇప్పుడు?"

"నూట పందొమ్మిది."

అత్తమ్మ చేట కింద పెట్టి చేతులు జోడించింది.

"సూసినవారా మధుకర్? మొక్కిన నాటి బరువుకు తల్లి మళ్ళ తెచ్చింది. డెబ్బై తొమ్మిది కాడ తూసి ఇస్తే మనం తల్లిని మోసం జేసినట్టు గాదా? గందుకే ఊకోలేదు. ఇంక రెండు కిలోలు తక్కువున్నది, గది కూడ తెస్తది."

ఆయన ఒప్పుకోలేదు. ఆపరేషన్ కానీ, వచ్చే జాతరకు పోదాం, అప్పటికి బరువు దిగుతుంది, మొయ్యడానికీ తేలిక అన్నాడు.

"తల్లితోని బేరమా? గిది నీ యూరియా దుకాణమనుకున్నవా?"

ఆయన లేచి క్యాలెండర్ చూశాడు. ఈ నెలాఖరుకే జాతర.

నోరు కట్టుకోక పెరిగానని నాలుగేళ్ళుగా చెప్పిన ఇంట్లో ఈ రోజు తొలిసారి వేరే కారణం దొరికింది. అమ్మవారు పెంచిందట. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కడుపు మండింది. ఎక్కడో మేడారంలో ఉన్న తల్లి నన్ను పెంచిందంటే నమ్ముతారు. ఇదే ఇంట్లో ఉన్న నేను ఆకలవుతోందంటే మాత్రం నమ్మరు.

జనవరి 9

డిచ్‌పల్లి క్యాంపస్ నుంచి నా బిడ్డ నిఖిత ఫోన్ చేసింది.

"మమ్మీ, ఈసారన్న నోరు కట్టుకుంటవా మరి?"

"కట్టుకుంట బిడ్డా."

"పోయినసారి కూడ గట్లనే అన్నవ్."

చక్కెర, బిస్కెట్లు, కారప్పూస అన్నీ అల్మారాలో పెట్టి తాళం వెయ్యమని నాయనమ్మకు సలహా ఇచ్చింది కూడా నిఖితే. ఆ తాళం చెవి రెండేళ్ళుగా అత్తమ్మ కొంగున ఉంది. చదువుకున్న పిల్ల, బాగా ఆలోచిస్తుంది.

జనవరి 14

ఆసుపత్రి వాళ్ళ డైటీషియన్ ఫోన్ చేసి రోజంతా ఏం తింటానో అడిగింది. చెప్పాను. "అంతేనా మేడం?" అంది. అంతే అన్నాను. "తాగేవి?" అంది. నీళ్ళు అన్నాను. నీళ్ళు నిజంగానే బాగా తాగుతాను.

జనవరి 18, ఆదివారం

తూచారు.

మార్కెట్‌లో నర్సింలు బెల్లం దుకాణం. కరెంటు కాంటా ఉంది, ఎక్కి దిగితే అయిపోయేది. అత్తమ్మ వద్దంది. "గా డబ్బల నంబర్లు నాకెట్ల తెలుస్తయి? కంటికి కనపడాలె. తరాజు గట్టు" అంది. నర్సింలు లోపలి నుంచి పాత తరాజు తెచ్చి దూలానికి వేలాడదీశాడు. గొలుసులకు పసుపు నీళ్ళు చల్లి, పలకలకు బొట్లు పెట్టారు. నాకూ పసుపు రాసి, ఒళ్ళో కొబ్బరికాయ పెట్టారు.

నేను కూర్చోగానే నా వైపు పలక నేలకు ఆనింది. అవతలి పలక మీద కిలో ముద్దలుగా బెల్లం పెట్టడం మొదలుపెట్టారు. పెడుతూనే ఉన్నారు. నా పలక కదలదు. బజారు నిలబడి చూస్తోంది. ఉల్లిగడ్డలు కొంటున్న ఒకామె పక్కనున్న ఆమెతో, "బాయి గ, కెవఢీ జాడీ!" అంది. ఎంత లావో అని. నాకు మరాఠీ రాదనుకుంది. బోధన్ బజారులో మరాఠీ తెలియనిది ఎవరికి?

సగంలో నర్సింలు దగ్గర బెల్లం అయిపోయింది. పక్క దుకాణానికి మనిషిని పంపాడు. ఆ మనిషి వచ్చేవరకు నేను అలాగే తరాజులో కూర్చున్నాను. దిగుతానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, మధ్యలో దిగితే మొక్కు చెల్లదంది. మా ఆయన దూరంగా పాన్ డబ్బా దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, నేనెవరో తెలియనట్టు.

అయితే ఒకటి జరిగింది. అంత జనం మూగారు గానీ ఎవరూ నవ్వలేదు. ముసలామె ఒకతి వచ్చి నా నుదుట కుంకుమ పెట్టి, "మంచిగున్నవు బిడ్డా, తల్లికి కడుపునిండ బంగారం వోతుంది" అంది. కొత్త ముద్దలు వచ్చాయి. పెడుతుండగా నా పలక మెల్లగా లేచింది, కాళ్ళు నేలను వదిలాయి. ఎవరో "సమ్మక్క తల్లికీ" అని అరిస్తే బజారంతా "జై" అంది. నా బరువు చూసి జనం సంతోషపడింది నా జన్మలో ఇదొక్కసారే. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. అత్తమ్మ భక్తి అనుకుంది. అనుకోనీ.

ముద్దలు దించి లెక్కేస్తే నూట ఇరవై ఒకటి. అత్తమ్మ నాకే వంగి దండం పెట్టింది. కొబ్బరికాయ ఉంది, పట్టుచీర ఉంది, తరాజు పాతది. ఆ రెండు కిలోలు వాటివే.

జనవరి 20

ఎవరో వీడియో తీశారు. తొమ్మిదో తరగతి పిల్లలందరి ఫోన్లలో ఉందట. హెడ్‌మాస్టర్ రామ్‌దాస్ సార్ పిలిచి, "దేవుని కార్యమే మేడం, నేను తప్పు వడుత లేను. జర పిల్లల నోళ్ళల్ల పడకుండ సూసుకోవాలె" అన్నాడు. పిల్లల నోళ్ళు కట్టడం కూడా నా పనే అయింది.

నేనూ చూశాను ఆ వీడియో. కాళ్ళు నేల వదిలినప్పుడు నా ముఖం ఎంత బాగుందో. రెండోసారి కూడా చూశాను.

జనవరి 24

నిజామాబాద్‌లో గొట్టం వేసి చూశారు, స్కాన్ తీశారు. గొంతు మండుతోంది. ఏముందని అడిగితే గొట్టం వేసినతను, "మేడమే చెప్తది" అని తెర వైపు ఇంకోసారి చూశాడు. ఏదో ఉంది. ఉండాలి.

జనవరి 30

మేడారం పోయి వచ్చాం. జనం, దుమ్ము, మళ్ళీ జనం. బంగారం అమ్మవార్ల గద్దెల దగ్గర ఇచ్చి, కొంత ప్రసాదంగా వెనక్కి తెచ్చాం. అత్తమ్మ ఇంటింటికీ నన్నే పంచి రమ్మంది. "మీ బంగారమా టీచర్?" అని అడిగి, కళ్ళకు అద్దుకుని నోట్లో వేసుకున్నారు. నన్నే ముక్కలు చేసి వాడకట్టంతా పంచినట్టుంది. నా మీద అన్నేసి మాటలు అన్న నోళ్ళు ఎంత భక్తిగా తిన్నాయో.

మిగిలిన బెల్లం వంటింట్లో డబ్బాలో పోశాం. ప్రసాదానికి తాళం వెయ్యకూడదని అత్తమ్మే అంది. డబ్బా అల్మారా బయటే ఉంది.

జనవరి 31

కొంచెం తిన్నాను. ప్రసాదం కాదనకూడదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఉంది.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. పొట్ట పైభాగాన గుండ్రంగా ఉబ్బి ఉండే భాగాన్ని మొదటి ఆపరేషన్‌లో పూర్తిగా తీయలేదట. కొంత మిగిలిపోయింది. అది సాగి సంచిలా అయింది.

"ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే" అంది. తర్వాత నా వైపు కాదు, మా ఆయన వైపు తిరిగి, "ఆమె ఆకలేస్తోందని చెప్పిందంటే నిజంగానే ఆకలేసింది. అది ఊరికే చెప్పిన మాట కాదు" అంది.

ఇంకా ఏదో చెప్పింది, తీపి తాగే అలవాటు గురించి, దాని వాటా కూడా ఉందని. అవన్నీ తెలిసినవే, రాయక్కర్లేదు.

నేను అక్కడే ఏడ్చేశాను. ఏడుస్తూనే ఆయన ముఖం చూశాను. ఒక్క మాట కోసం చూశాను. పెద్ద మాటేం కాదు, ఔనా త్రివేణి అన్నా చాలు. ఆయన ముఖం ఎర్రబడింది.

"అంటే గా డాక్టర్ నన్ను మోసం జేసిండన్నట్టు!" అన్నాడు.

నన్ను అట. కోసింది నా పొట్ట, మోసపోయింది ఆయన.

మోసం అనలేం, ఒక్కోసారి అలా మిగిలిపోతుంది అని డాక్టరమ్మ సర్దిచెప్పింది. ఆపరేషన్ పద్దెనిమిదో తారీఖు. పదిహేడున హైదరాబాద్‌లో చేరాలి. నాలుగో తారీఖు నుంచి ద్రవాలే. కాలేయంలో ఉన్న కొవ్వు కరగాలి, లేకపోతే లోపల పని చెయ్యడానికి దారి ఉండదు. "మధ్యలో తింటే నాకు తెరవగానే తెలిసిపోతుంది. అప్పుడు మళ్ళీ మూసేసి పంపిస్తాను" అంది.

ఇది చేస్తే ఆకలి పోతుందా అని అడిగాను. చాలామందికి తగ్గుతుంది, అందరికీ అని మాత్రం చెప్పనంది. నాకు ఆమె మీద అందుకే నమ్మకం కుదిరింది. చేయించుకుంటానన్నాను.

ఫిబ్రవరి 3

ఆయనకు డబ్బా ఇవ్వడానికి దుకాణానికి పోతే, నర్సన్న అనే రైతుకు చెబుతున్నాడు.

"గా హైదరాబాద్‌ల నన్ను నిండ ముంచిండ్రు నర్సన్నా. సగమే కోసి పంపిండ్రు."

"అయ్యో పాపం" అన్నాడు నర్సన్న, ఆయన్ని చూసి. నేను పక్కనే డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

అత్తమ్మకు కూడా ఈ రోజే చెప్పాడు, డాక్టర్ తన్ని ఎలా ముంచాడో. అత్తమ్మ "ఔనా" అంది. అంతే. తాళం చెవి కొంగునే ఉంది.

ఫిబ్రవరి 4

మొదలుపెట్టాను. పాలలో కలిపే పొడి, పలుచని మజ్జిగ, పప్పు మీద తేట.

ఫిబ్రవరి 6

బెల్లం నీళ్ళు కూడా ద్రవమే. పానకం జ్వరం వచ్చిన వాళ్ళకు కూడా ఇస్తారు. యాలకులు వేస్తే ఒంటికి మంచిది.

ఫిబ్రవరి 7

ద్రవమే.

ఫిబ్రవరి 10

డబ్బా అడుగు గీకాను. అయిపోయింది. నిలువెత్తు బంగారంలో ఇంటికి వచ్చిన వాటా అంతా నేనే తాగేశాను. ఇక ఈ ఇంట్లో తాళం బయట తీపి ఏమీ లేదు. మంచిదయింది. డాక్టరమ్మ తెరిచి చూస్తుంది. అక్కడ అబద్ధం చెప్పడానికి నాకు మెలకువ కూడా ఉండదు.

ఈ రోజు నుంచి నిజంగా.

ఫిబ్రవరి 11

ఆకలి.

ఫిబ్రవరి 12

ఆకలి. పద్యం చెబుతూ మధ్యలో పాదం మర్చిపోయాను. పదిహేనేళ్ళుగా చెబుతున్న పద్యం. పిల్లలే అందించారు.

లెక్కల త్రివేణి అడిగింది, "మళ్ళ చేయించుకుంటున్నవట గదా, ఈసారన్న ఆగుతదా?" అని. "నీ నోరు ఆగితే అదీ ఆగుతది" అన్నాను. చాలా రోజుల తర్వాత కాస్త హాయిగా ఉంది. రేపటి నుంచి సెలవు.

ఫిబ్రవరి 13

ఆయన హైదరాబాద్ పోవడానికి కారు మాట్లాడి వచ్చాడు. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిగే కారు కావాలని మూడు చోట్ల తిరిగాడట. "నీకు ఇరుకు గావద్దు" అన్నాడు. గుండె ఒక్కసారి కరిగింది, కరిగినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. సీటు వెనక్కి జరపడం తెలిసిన మనిషికి ఆ ఒక్క మాట అనడం ఎందుకు తెలియదు?

కుట్లు ఊడితే అని ఆలోచించాను. ఎవరితోనూ అనలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

ఇంట్లో అందరికీ ఒక్కపొద్దు. నిఖిత కూడా వచ్చింది.

పదకొండు కూడా కాకముందే ఆయన, "ఆకలికి కండ్లు తిరుగుతున్నయి" అని సోఫాలో వాలిపోయాడు. నిఖిత పరుగున పోయి అరటిపళ్ళు తెచ్చింది. "పాపం డాడీ, పొద్దుగాల నుంచి ఏం తినలే" అని తల కింద దిండు పెట్టింది. ఆయన్ని నోరు కట్టుకోమని ఎవరూ అనలేదు. ఆయన ఆకలికి రిపోర్టు కూడా అడగలేదు.

తుంటి విరిగాక అత్తమ్మ ఒక్కపొద్దులు మానేసింది. మొక్కు తీరింది కాబట్టి ఈసారి ఉంటానని పట్టుబట్టింది. సాయంత్రానికి గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు కడుపుకు బిగించి చుట్టుకుంది. పండు తినమంటే వద్దంది. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"త్రివేణి."

"ఏందత్తమ్మా?"

"డాక్టరమ్మ నిజంగనే అన్నదా, నీది ఉత్త ఆకలి గాదని?"

"అన్నది."

"గీ తీరుగనే ఉంటుండెనా? రోజు?"

"రోజు."

"తిన్నంక కూడ?"

"తిన్నంక కూడ."

అత్తమ్మ కొంగు ముడి విప్పి అల్మారా తాళం చెవి చాప మీద పెట్టింది.

"నేను కడుపు కాలినదాన్నే బిడ్డా. కూలికి చెరుకు నరకవోయి, ఉన్నది పిల్లలకు పెట్టి, నీళ్ళు తాగి పండుకున్న దినాలున్నయి. నాకు ఎరుక గావద్దా? నాకే ఎరుకగాలే. నీ కంచం కెల్లి సూసిన గాని నీ మొఖం కెల్లి సూడలే."

ఈ మాట నేను ఆయన నోట వినాలని చూశాను. ఈమె నోట వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. చేతిలో ఉన్న మజ్జిగ తాగేశాను. తాళం చెవి అక్కడే ఉంది. నేను తీయలేదు, ఆమె కూడా తీయలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఒక్కపొద్దు విడిచే రోజు. రేపు పొద్దున్నే కారు.

అత్తమ్మ అందరికంటే ముందు లేచి, నన్ను వంటింట్లోకి రానివ్వకుండా తానే వండింది. పుంటికూర పప్పు, వేడన్నం, నూనెలో వేయించిన సల్ల మిరపకాయలు. వెన్న కాచి నెయ్యి చేసింది. ఈ ఇంట్లో మొదటి కంచం ఎప్పుడూ మా ఆయనది. ఈ రోజు అత్తమ్మ పీట వేసి నన్ను పిలిచింది.

"అత్తమ్మా, రేపు పోవాలె గదా. తినొద్దన్నరు."

"పోయేది రేపు. ఒక్క ముద్దకు ఏం గాదు. గిన్నేండ్లు నీ ముద్దలు లెక్కవెట్టిన. ఈ ఒక్కనాడు నన్ను పెట్టనీ."

తన చేతులతో పప్పు, నెయ్యి వేసి అన్నం కలిపింది. పుంటికూర పులుపు వాసనకు నా దవడలు నొప్పెట్టాయి, నోరంతా నీళ్ళూరాయి. నా జీవితంలో ఏ వస్తువునూ, ఏ మనిషినీ ఆ ముద్దను కోరినంతగా నేను కోరలేదు. కానీ నాకు ఒక్క ముద్ద అంటూ ఉండదు. ఆ ముద్ద తింటే కంచం తింటాను, కంచం తింటే గిన్నె తింటాను. ఎల్లుండి డాక్టరమ్మ తెరిచి, చూసి, మూసేస్తుంది. ఆ నెమ్మది ఇక నాకు ఎప్పటికీ దొరకదు.

వద్దని తల ఊపాను. అత్తమ్మ చెయ్యి నా నోటి ముందే ఆగిపోయింది. ముసలి చెయ్యి, వేళ్ళ మధ్య నుంచి నెయ్యి కారుతోంది.

"నా మీద కోపమున్నదా బిడ్డా?"

కోపం ఉంది. నిన్నటి దాకా చాలా ఉంది. ఆ చెయ్యి చూస్తుంటే అది ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆకలవుతోంది గానీ తినలేనని చెబితే ఆమె ఊరుకోదు. ఆకలిగా ఉన్న మనిషికి పెట్టకుండా ఉండటం నిన్నటితో ఆమెకు చేతకాకుండా పోయింది. బతిమాలుతుంది, ఏడుస్తుంది, నేను తినేస్తాను.

"కోపం గాదత్తమ్మా. ఆకలి లేదు."

"నిజంగనా?"

"నిజంగనే. నిన్నటి సంది అసలు లేదు."

అత్తమ్మ ముఖం విచ్చుకుంది. "తల్లి సల్లగ సూసింది" అని ఆ ముద్దను తీసుకుపోయి మా ఆయన కంచంలో వేసింది. ఆయన తింటూనే ఎవరికో ఫోన్ చేసి, "ఆపరేషన్ గాకముందుకే ఆకలి వోయిందంటుంది" అని గొప్పగా చెప్పాడు. నిఖిత వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి, "సూసినవా మమ్మీ, మనం అనుకుంటే ఎందుకు గాదు" అంది.

నాలుగేళ్ళు ఆకలవుతోందని చెబితే నిన్నటి దాకా ఈ ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. ఈ రోజు లేదన్నాను. ముగ్గురూ ఒక్కసారే నమ్మారు.

వాళ్ళు తిని లేచేవరకు నేను అక్కడే కూర్చున్నాను.